ఆరో తరగతి పిల్లలకు ప్రధాన సంఖ్యలు ఎలా నేర్పాలి?

"1తోనూ, తనతోనూ మాత్రమే భాగించబడే సంఖ్య ప్రధాన సంఖ్య" అని బోర్డు మీద రాసి పాఠం మొదలుపెడితే పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. వెంటనే "మరి 1 ప్రధాన సంఖ్యేనా?" అని అడగండి. చాలామంది అవుననే అంటారు. ఆ వాక్యం వింటే అలాగే అనిపిస్తుంది మరి. అందుకే నిర్వచనం పక్కన పెట్టి, చింతగింజలతో మొదలుపెట్టమంటాను.

మొదటి మెట్టు: గింజలు పేర్చడం

ఇద్దరికి కలిపి ఓ ముప్పై గింజలు ఇవ్వండి. 12 గింజలు తీసుకుని, ప్రతి వరుసలో సమానంగా ఉండేలా పేర్చమనండి. ఒకే వరుసలో పన్నెండు, రెండు వరుసల్లో ఆరేసి, మూడు వరుసల్లో నాలుగేసి వస్తాయి. 1, 2, 3, 4, 6, 12... వీటినే 12 కారణాంకాలు అంటామని అప్పుడు చెప్పండి.

తర్వాత 13 గింజలు. ఇక్కడ మాత్రం తొందరపడకండి. ఒకసారి మా క్లాసులో ఓ అమ్మాయి 13 గింజల్ని రెండేసి, మూడేసి, నాలుగేసి పేర్చి చూసింది. ప్రతిసారీ ఒకటి మిగిలింది. దాన్ని వేలితో అటూ ఇటూ దొర్లిస్తూ "ఇది ఎక్కడా పట్టట్లేదు టీచర్" అంది. "ఐదేసి పెట్టి చూడమ్మా" అన్నాను. ఈసారి మూడు మిగిలాయి. చివరికి అన్నీ ఒకే వరుసలో పేర్చేసి నా వైపు చూసింది. ప్రధాన సంఖ్య అంటే ఏమిటో ఆ పిల్లకు తెలిసిపోయింది, నేను పేరొక్కటే చెప్పాను.

రెండో మెట్టు: లెక్కపెట్టడం

1 నుంచి 20 దాకా ఒక్కో సంఖ్యకు ఎన్ని కారణాంకాలున్నాయో పట్టిక రాయించండి. సరిగ్గా రెండే ఉంటే ప్రధాన సంఖ్య, రెండుకు మించితే సంయుక్త సంఖ్య. 1కి ఒక్కటే ఉంది కాబట్టి అది ఇందులోనూ లేదు, అందులోనూ లేదు. బేసి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అనుకునే పిల్లలకు 9, 15 చూపిస్తే చాలు.

మూడో మెట్టు: జల్లెడ పట్టడం

క్రీ.పూ. 3వ శతాబ్దపు గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ పేరుతో ఉన్న పద్ధతి ఇది. 1 నుంచి 100 వరకు గడుల్లో రాయించి, ముందు 1ని కొట్టేయమనండి. 2 చుట్టూ సున్నా చుట్టి, దాని మిగతా గుణిజాలన్నీ కొట్టేయాలి. తర్వాత 3, 5, 7 కూడా అంతే, ఒక్కోదానికి ఒక్కో రంగు స్కెచ్‌తో. 7 దగ్గరికి వచ్చేసరికి కొత్తగా కొట్టడానికి మిగిలేవి 49, 77, 91 మాత్రమే. 11తో ఎందుకు చేయక్కర్లేదో పిల్లలనే అడగండి. 11×11 అంటే 121, అది మన పట్టికలోనే లేదు. అంతకన్నా చిన్న గుణిజాలన్నీ ముందే కొట్టేశాం. చివరికి 25 ప్రధాన సంఖ్యలు నిలుస్తాయి.

పరీక్షలో పిల్లలు పొరబడేది 51, 57, 87, 91 దగ్గర. మొదటి మూడింటినీ అంకెలు కూడితే దొరికిపోతాయి: 5+1=6, కాబట్టి 51ని 3 భాగిస్తుంది. 91 మాత్రం అలా దొరకదు. 7వ ఎక్కం పది దగ్గర ఆపేయడం మన అలవాటు కదా, 7×13 దాకా చదివించండి.

నాలుగో మెట్టు: కారణాంక వృక్షం

బోర్డు మీదికి ఇద్దరిని పిలిచి 60 ఇవ్వండి. ఒకరిని 6×10తో, ఇంకొకరిని 4×15తో మొదలుపెట్టి, ప్రధాన సంఖ్యలే మిగిలేదాకా ఒక్కో కారణాంకాన్నీ కొమ్మల్లా విడగొట్టుకుంటూ పొమ్మనండి. కొమ్మలు వేరువేరుగా చీలినా, ఇద్దరికీ చివర్న 2, 2, 3, 5 వస్తాయి. ఇది చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు, పోనివ్వండి. 1ని ప్రధాన సంఖ్యల్లో ఎందుకు చేర్చలేదో చెప్పడానికి ఇదే సమయం. చేరిస్తే చివర్న ఎన్ని 1లైనా తగిలించుకోవచ్చు, అందరికీ ఒకే జవాబు రాదు.

ఇంటిపనిగా 84 ఇవ్వండి. 2×42తో మొదలుపెట్టినా, 7×12తో మొదలుపెట్టినా 2, 2, 3, 7 రావాలి. ఎవరైనా 21 దగ్గరే ఆగిపోయి వస్తే, 21 చింతగింజలు చేతికివ్వండి.