పికప్ క్యాంపర్ బీమా: క్లెయిమ్ ఎక్కడ ఆగుతుంది, ఎలా సరిచేసుకోవాలి

బెంగళూరులో మోటారు బీమా పని మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్ వంటి పికప్‌ల వెనుక తొట్టెలో పడకా పొయ్యీ ఉన్న క్యాంపర్ పెట్టించుకుని, సెలవు దొరికితే గండికోటకో హార్స్‌లీ కొండకో బయలుదేరేవారు నా దగ్గరకు రెండు వేళల్లో వస్తారు. ఏ కవరేజీ తీసుకోవాలో తేలనప్పుడు కొందరు వస్తే, క్లెయిమ్ ఆగిపోయాక ఎక్కువమంది వస్తారు. ఆగిపోయాక వచ్చినవారిని నేను మొదట అడిగేది ఒక్కటే: పాలసీలో ఐడీవీ పట్టిక, అంటే దేనికి ఎంత విలువకు బీమా ఉందో చెప్పే పట్టిక, చదివారా? చదివామన్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ పట్టికలో వాహనం, ట్రెయిలర్, నాన్-ఎలక్ట్రికల్ యాక్సెసరీలు, ఎలక్ట్రికల్ యాక్సెసరీలు, సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ కిట్, మొత్తం విలువ అని వరుసగా గడులుంటాయి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ గడి ఇంజన్‌కు ఇంధనమిచ్చే కిట్ కోసం ఉద్దేశించినది. వంటపొయ్యి సిలిండర్‌ను అందులో రాయించుకుని నిశ్చింతగా ఉన్న పెద్దమనిషిని కూడా చూశాను. కింద చెప్పే సమస్యల్లో చాలావాటికి మూలం ఆ ఒక్క వరుసలోనే దొరుకుతుంది.

కొటేషన్ దగ్గరే పని ఆగిపోతోంది, లేదా ఇద్దరు ఏజెంట్లు పొంతన లేని ప్రీమియాలు చెబుతున్నారు

కారణం ఆర్‌సీలో వాహన తరగతి. వీ-క్రాస్, హైలక్స్ ప్రైవేటు వాహనాలుగా తెల్ల బోర్డుతో రిజిస్టర్ అవుతాయి. ఇసుజు ఎస్-క్యాబ్, మహీంద్రా బొలెరో క్యాంపర్ వంటివి ఎక్కువగా గూడ్స్ క్యారియర్‌గా పసుపు బోర్డుతో తిరుగుతాయి. బొలెరో క్యాంపర్ అన్నది మోడల్ పేరు మాత్రమే, అందులో పడకా ఉండదు, పొయ్యీ ఉండదు. అయినా ఆ పేరు విని తికమకపడే ఏజెంట్లున్నారు. ఆర్‌సీలో ఏ తరగతి ఉంటే ఆ తరగతి పాలసీయే తీసుకోవాలి. తక్కువకు వస్తుందని గూడ్స్ బండికి ప్రైవేటు పాలసీ తీసుకుంటే ఆ ఆదా మొదటి క్లెయిమ్‌లోనే కొట్టుకుపోతుంది. గూడ్స్ ప్యాకేజీ పాలసీ తీసుకునేవారు ఐఎంటీ-23 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే సవరణ కాగితం) ఉందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే అది లేకపోతే పాక్షిక నష్టంలో దీపాలు, టైర్లు, మడ్‌గార్డులు, బంపర్, పెయింటు వంటివాటికి డబ్బు రాదు.

బండికి డబ్బు వచ్చింది, క్యాంపర్‌కు రాలేదు

క్యాంపర్‌ను పాలసీలో ఎన్నడూ రాయించకపోవడం తెలిసిన కారణమే. తయారీదారు ప్రకటించిన ధరలో లేనిది ఏదైనా, విలువతో సహా విడిగా చెప్పి ప్రీమియం కడితేనే పాలసీలోకి వస్తుంది. పడక, అల్మారా, ఫైబర్ టాప్, ఆనింగ్ నాన్-ఎలక్ట్రికల్ గడిలోకి, ఇన్వర్టర్, ఫ్రిజ్, సోలార్ ప్యానెల్ ఎలక్ట్రికల్ గడిలోకి వెళ్తాయి. రాయించని వారి సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. నన్ను దెబ్బకొట్టిన కారణం మాత్రం రాయించిన వారిని పట్టుకునేది.

నా సొంత బండికి బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యాలో 3,20,000 రూపాయలతో ఆగస్టులో క్యాంపర్ కట్టించాను. వారం తిరగకుండానే బిల్లు పంపి, ఫొటోలు తీయించి, మిగిలిన నెలలకు ప్రీమియం కట్టి, నాన్-ఎలక్ట్రికల్ గడిలో ఆ మొత్తం చేరేలా ఎండార్స్‌మెంట్ తీసుకున్నాను. మార్చిలో రెన్యువల్ వచ్చింది. ఆ రాత్రి పదకొండు గంటలకు, పడుకోబోయే ముందు, ఫోన్‌లో బండి నంబరు కొట్టి వేరే కంపెనీలో రెన్యువల్ చేసేశాను. ప్రీమియం సుమారు ఆరు వేలు తగ్గితే, అది నో క్లెయిమ్ బోనస్ మహిమ అనుకున్నాను. ఇతరులకు ఇదే విషయం చెప్పి బతికేవాడిని, ఆ పూట పట్టిక చూడలేదు. మే నెల గాలివానకు మా వీధిలో వర్షపు చెట్టు కొమ్మ విరిగి క్యాంపర్ పైకప్పు మీద పడింది. ఫైబర్ ఒక మూల నుంచి ఇంకో మూల దాకా చీలింది, పరుపు నీళ్లతో నానిపోయింది. నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చి, క్యాబిన్ పైకప్పు సొట్టకు అంచనా రాసుకుని, తన ట్యాబ్ నా వైపు తిప్పి, నాన్-ఎలక్ట్రికల్ గడి మీద వేలు పెట్టి చూపించారు. అక్కడ సున్నా ఉంది. 88,000 రూపాయల మరమ్మతు నా జేబులోంచే పోయింది. సొట్టకు వచ్చిన డబ్బులోంచి కూడా, 1500 సీసీ దాటిన ప్రైవేటు వాహనానికి తప్పనిసరిగా కోసే 2,000 పోను మిగిలిందే చేతికి అందింది.

జరిగిందేమిటంటే, రెన్యువల్ పేజీ బండి నంబరును బట్టి రిజిస్ట్రేషన్ వివరాలను లాక్కొస్తుంది, ఆ వివరాల్లో మోడల్, తయారీ ఏడాది, ఇంజన్ నంబరు ఉంటాయి గానీ మీరు తరువాత కట్టించుకున్న క్యాంపర్ ఉండదు. యాక్సెసరీల గడి ‘అదనపు వివరాలు’ అనే మడత కింద దాగి, మనం తెరిచి నింపకపోతే సున్నాగానే ముందుకు పోతుంది. ఎండార్స్‌మెంట్ ఆ ఏడాది పాలసీతోనే ముగుస్తుంది కాబట్టి, కంపెనీ మారితే దానికి గుర్తుండదు. అదే కంపెనీలో కొనసాగినా గుర్తుంటుందని నేను ఎవరికీ హామీ ఇవ్వను. ప్రీమియం తగ్గడం వల్ల అనుమానం రాకపోగా సంతోషం కలుగుతుంది, మోసమంతా అక్కడే ఉంది.

సరిచేసే పద్ధతి ఇది. పాత పాలసీ పట్టికను, కొత్త కొటేషన్ పట్టికను డబ్బు కట్టకముందే పక్కపక్కన పెట్టుకుని గడి గడినీ పోల్చాలి. క్యాంపర్ విలువకూ వాహనానికి వేసే తరుగే వేసుకోవాలి. ఆరు నెలలు దాటి ఏడాది లోపైతే 15 శాతం, ఏడాది దాటి రెండేళ్ల లోపైతే 20, మూడో ఏట 30, నాలుగో ఏట 40, ఐదో ఏట 50 శాతం చొప్పున తగ్గుతుంది. నేను ఆ మార్చిలో 2,72,000 అని రాయవలసింది. ఇప్పటికే సున్నాతో రెన్యువల్ అయిపోయినవారు, ఏ దెబ్బా తగలకముందే, జీఎస్టీ బిల్లు జతచేసి కంపెనీకి మెయిల్ రాయాలి. వాళ్లు తనిఖీ చేయించుకుని, మిగిలిన రోజులకు ప్రీమియం తీసుకుని ఎండార్స్‌మెంట్ ఇస్తారు. అది అమలయ్యే తేదీ నుంచే రక్షణ మొదలవుతుంది కనుక, నంబరుతో ఉన్న కాగితం చేతికి వచ్చేదాకా పని అయినట్టు కాదు. ‘డబ్బు కట్టాను, వాళ్లు వేస్తామన్నారు’ అనే వాట్సాప్ సందేశం సర్వేయర్ ముందు చెల్లదు.

ఇక్కడే ఇంకొక అపోహ ఉంది. యాక్సెసరీల గడి వదిలేసి, బండి ఐడీవీనే రెండు లక్షలు పైకి జరిపి, క్యాంపర్ కూడా అందులోకి వచ్చేసిందనుకునేవారున్నారు. ఆ గడిలో ఎంత పెంచినా అది బండి విలువే అవుతుంది. కొమ్మ పడ్డ రోజున క్యాంపర్ అనే వస్తువు పాలసీలో ఉందా లేదా అన్నదే ప్రశ్న.

క్యాంపర్‌కు డబ్బు వచ్చింది, సగమే వచ్చింది

ఇది తరుగు లెక్క. తరుగు కోతను తప్పించే జీరో డిప్రీసియేషన్ అనే యాడ్-ఆన్ (అదనపు కవరేజీ) లేకపోతే ఫైబర్ గ్లాస్ భాగాల మీద 30 శాతం, రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీల మీద 50 శాతం కోస్తారు, గాజు మీద కోత ఉండదు, చెక్క భాగాలకు బండి వయసును బట్టి ఉంటుంది. క్యాంపర్ అంటేనే ఫైబరూ ప్లాస్టిక్కూ కాబట్టి దెబ్బ పెద్దగా తగులుతుంది. జీరో డిప్రీసియేషన్ తీసుకునేటప్పుడు అది యాక్సెసరీలకు కూడా వర్తిస్తుందా అని అడిగి, జవాబును మెయిల్‌లో తీసుకోండి.

మార్పుల కారణంగా మొత్తం క్లెయిమ్‌నే తిరస్కరించారు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. తొట్టెలోకి దించి బోల్టులతో బిగించి, అవసరమైతే తీసేయగల క్యాంపర్‌కు ఒక దారి దొరుకుతుంది. తొట్టెను కోసి, ఛాసిస్ మీద గది కట్టించినవారికి మాత్రం ఏ కవరేజీ ఎంచుకోవాలో నేను చెప్పలేను, ముందు ఆర్‌టీఓ దగ్గర ఆర్‌సీ సంగతి తేల్చుకోవాలి. ఫ్యాక్టరీ నుంచే మోటారు క్యారవాన్‌గా వచ్చేవాటికి ఏఐఎస్-124 అనే ప్రమాణం విడిగా ఉంది, పీణ్యా షెడ్డులో వెల్డింగ్ చేసినంత మాత్రాన ఆ హోదా రాదు. బరువు కూడా చూడండి. ఆర్‌సీలో స్థూల బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మీరు మోయగలిగింది తెలుస్తుంది. నీళ్ల ట్యాంకు నింపి, మనుషులతో సహా ఒకసారి వే బ్రిడ్జి ఎక్కిస్తే అయ్యే ఖర్చు టిఫిన్ ఖర్చుకు మించదు. కదులుతున్న బండిలో వెనుక క్యాంపర్‌లో ఎవరినీ పడుకోనివ్వకండి. ఆర్‌సీలో ఉన్న సీట్ల లెక్కకే ప్రయాణికుల ప్రమాద బీమా వర్తిస్తుంది.

దించి పెట్టిన క్యాంపర్ పాడైంది, లేదా లోపలి సామాను పోయింది

పాలసీ భాషలో యాక్సెసరీలకు ‘వాహనం మీద ఉన్నంతవరకు’ అని అర్థం వచ్చే మాట ఉంటుంది. వారాంతం ముగిశాక క్యాంపర్‌ను దించి హోస్కోటె దగ్గర తోటలోని షెడ్డులో పెట్టేవారికి, ఆ షెడ్డులో నిప్పంటుకున్నా దొంగలు పడ్డా మోటారు పాలసీ పనికిరాదు. దానికి అగ్నిప్రమాదం, దొంగతనం కలిపిన విడి పాలసీ కావాలి. ల్యాప్‌టాప్, కెమెరా, బట్టలు యాక్సెసరీలు కావు, వాటికి వ్యక్తిగత వస్తువుల యాడ్-ఆన్ తీసుకోవాలి.

బండి స్నేహితుడికి ఇచ్చాను, క్లెయిమ్ తిరస్కరించారు

ఊరికే ఇచ్చి ఉంటే, నడిపినవాడికి చెల్లే లైసెన్సు ఉంటే ఇబ్బంది లేదు. రోజుకు ఇంత అని అద్దె తీసుకుని ఉంటే ప్రైవేటు పాలసీ చెల్లదు, యూపీఐ చెల్లింపు విచారణలో బయటపడుతుంది కూడా.

మిగిలినవి అరుదు. చెన్నైలో ఉండేవారు ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేకుండా వరద నీటిలో బండి స్టార్ట్ చేయకూడదని 2015 వరదల్లోనే నేర్చుకున్నారు, మళ్లీ చెప్పనవసరం లేదు. నేపాల్, భూటాన్ వెళ్లేవారికి భౌగోళిక పరిధి పొడిగింపు కావాలి, బయలుదేరే ముందే అడిగి తీసుకోవాలి.