కోరాపుట్ కొండల కాఫీ: గింజ కొనడం నుంచి వేయించుకోవడం దాకా

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో జైపూరు (జయపురం), కోరాపుట్, సునాబేడ, దామన్‌జోడి, ఎక్కడ చూసినా మన తెలుగు ఇళ్లు కనిపిస్తాయి. ఆ ఇళ్లలో పొద్దున్నే దిగే డికాక్షన్‌కి పొడి మాత్రం చాలావరకు విశాఖ నుంచో విజయనగరం నుంచో వస్తుంది. పెరట్లోంచి కనబడే కొండ మీద కాఫీ పండుతుంటే మనం ఘాట్ దిగి పొడి తెచ్చుకుంటున్నాం. నేనూ చాలా ఏళ్లు అలాగే తెచ్చుకున్నాను. ఇప్పుడు ఏడాదికి సరిపడా గింజలు పొట్టంగి వైపు ఊళ్ల నుంచి తెచ్చుకుని ఇంట్లోనే వేయించుకుంటున్నాను. అది ఎలా చేయాలో, ఎక్కడ దెబ్బతింటామో చెబుతాను.

ముందే ఒక మాట. వేయించడం నేర్చుకోవడానికి పదిసార్లు చేస్తే చాలు. ఇక్కడ అసలు కష్టం గింజను సరిగ్గా ఎండబెట్టించుకోవడంలో ఉంది. అందుకే ఈ వ్యాసంలో సగం దాని గురించే ఉంటుంది.

ఈ కొండల్లో కాఫీ ఎందుకుంది, ఎందుకు కష్టం

1930 ప్రాంతంలో జయపురం సంస్థానం రోజుల్లో ఇక్కడ కాఫీ మొక్క వేశారు. పెద్ద ఎత్తున వేసింది మాత్రం 1958 నుంచి, ఒడిశా ప్రభుత్వ భూసంరక్షణ శాఖ. వాళ్లకు కావలసింది కాఫీ కన్నా ముందు మట్టి నిలవడం. పోడు కొట్టిన కొండల మట్టి వానకు కొట్టుకొచ్చి మాచ్‌ఖండ్ జలాశయంలో పూడిక పడుతుంటే, నీడచెట్లు వేసి వాటి కింద కాఫీ పెట్టారు. ఇప్పటికీ ఇక్కడి తోటలు సిల్వర్ ఓక్, పనస చెట్ల కిందే ఉంటాయి. చాలాచోట్ల చెట్టుకు మిరియం తీగ కూడా పాకి ఉంటుంది. పండేది ఎక్కువగా అరబికా రకం కాఫీ. ఊళ్లు దాదాపు 900 మీటర్ల ఎత్తులోనో ఆపైనో ఉంటాయి. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి, 1672 మీటర్లు, ఈ జిల్లాలోనే ఉంది.

నేల మంచిది, ఎత్తు చాలు, నీడ ఉంది. మరి కష్టం ఎక్కడ? ఒక్కో రైతుకు ఎకరమో రెండెకరాలో ఉంటుంది. పండ్లన్నీ ఒకేసారి పండవు, నాలుగైదు విడతలుగా కోయాలి. సంతకు వచ్చే దళారి పచ్చికాయకూ ఎర్రపండుకూ ఒకే ధర కడితే, ఏ రైతైనా కొమ్మను ఒకేసారి దూసేస్తాడు. అందులో అతని తప్పు లేదు. దానికి తోడు కోత రోజుల్లో రాత్రిపూట మంచు కురుస్తుంది. పగలు ఎండినది రాత్రి మళ్లీ చెమ్మగిల్లుతుంది.

కోతకు ముందే వెళ్లండి

మార్చి, ఏప్రిల్ జల్లులకు పూత వస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా కోత సాగుతుంది. చాలామంది ఫిబ్రవరిలో వెళ్లి సంచుల్లో ఉన్నది కొంటారు. అప్పటికి జరగాల్సిన పాడు జరిగిపోయి ఉంటుంది. దసరా వెళ్లగానే, అంటే అక్టోబరులో వెళ్లండి. పొట్టంగి, సిమిలిగుడ, నందపురం, లమతాపుట్, దశమంతపుర్ వైపు తోటలున్నాయి. ఏ ఊళ్లో ఎవరికి కాపు ఉందో కోరాపుట్‌లోని కాఫీ బోర్డు కార్యాలయంలో అడిగితే దారి దొరుకుతుంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి వచ్చేవాళ్లకు పొట్టంగి ముందే తగులుతుంది. ఆ చుట్టుపక్కల తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామందే ఉన్నారు. లోపలి ఊళ్లలో దేశియా అనే స్థానిక భాష మాట్లాడతారు, తెలిసిన మనిషిని ఒకరిని వెంటబెట్టుకెళ్లండి.

ఒడిశా గిరిజన సహకార సంస్థ టీడీసీసీఓఎల్ రైతుల దగ్గర కాఫీ కొని 2019 నుంచి 'కోరాపుట్ కాఫీ' పేరుతో అమ్ముతోంది. వెళ్లేముందు ఒక ప్యాకెట్ తెచ్చుకుని తాగి చూడండి. ఈ నేల రుచి ఎలా ఉంటుందో నాలుకకు ముందే తెలిసి ఉండాలి.

ఒకరిద్దరు రైతులు చాలు. ఇద్దరు మనుషులున్న ఇంటికి నెలకు కిలో పొడి అవుతుందనుకుంటే ఏడాదికి పన్నెండు కిలోలు. లెక్క ఇలా వేసుకోండి. సుమారు ఆరు కిలోల పండ్లకు కిలో పచ్చి గింజ (ఎండి, ఇంకా వేయించనిది) వస్తుంది. వేయిస్తే అందులో సుమారు ఆరో వంతు తరుగు పోతుంది. అంటే కిలో పొడికి ఏడు కిలోల పండ్లు కావాలి. పండు ధరను ఏడుతో గుణించి, పైన కూలి కలిపితే మీ ఖర్చు తెలుస్తుంది. అది తెలిశాక రైతుతో గీచి గీచి బేరమాడాలని మీకే అనిపించదు.

ఎర్రగా పండినవే కోయమని అడగండి, అందుకు సంత ధర కన్నా ఎక్కువ ఇవ్వండి, కొంత ముందే చేతిలో పెట్టండి. నాలుగుసార్లు కోయడమంటే నాలుగు రోజుల పని. డబ్బు పెంచకుండా ఎర్రపండు అడగడం అన్యాయం.

ఎండబెట్టడం

మొదటి ఏడాది నేను ఫిబ్రవరిలో వెళ్లినవాడినే. ఒక వ్యాపారి దగ్గర ఇరవై కిలోలు కొన్నాను. చూడటానికి గింజ నున్నగా, పెద్దగా ఉంది. ఇంటికొచ్చి వేయిస్తే కప్పులో పొయ్యి పొగ వాసన, దాని వెనక తడిమట్టి వాసన. మూకుడు మార్చాను, మంట మార్చాను, పోలేదు. తర్వాత ఆ గింజ పండిన ఊరు కనుక్కుని వెళ్తే ఒక పెద్దావిడ చెప్పింది: "మంచు పడతాది బాబూ. బయట ఒగ్గేస్తే తడిసిపోతాయి కదా. అందుకే పొయ్యి మీది అటక మీద పోసినాం." ఆమె గింజను కాపాడుకోవడానికే అలా చేసింది. కాఫీ గింజ పక్కనున్న వాసననల్లా పీల్చుకుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆరబెట్టుకోవడానికి బరకం కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఆరబెట్టేందుకు రెండు పద్ధతులున్నాయి. ఊళ్లో చేత్తో తిప్పే బేబీ పల్పర్, అంటే పండు తొక్క తీసే చిన్న యంత్రం, ఉంటే కోసిన రోజే తొక్క తీయించి, గింజను తొట్టిలో పులియబెట్టాలి. మామూలుగా ఇరవై నాలుగు నుంచి ముప్పై ఆరు గంటలు. డిసెంబరు చలికి ఇంకా ఎక్కువ పట్టొచ్చు కాబట్టి గడియారాన్ని కాకుండా చేతిని నమ్మండి. గుప్పెడు తీసి కడిగి రుద్దితే జిగురు పోయి గులకరాళ్లలా గరగరమనాలి. అప్పుడు శుభ్రంగా కడిగి ఎండబెడితే, పలచని లోపలి పొట్టుతో ఉన్న ఆ గింజనే పార్చ్‌మెంట్ అంటారు. తొక్కనూ కడిగిన నీళ్లనూ వాగులోకి వదలనివ్వకండి, కింది ఊరు ఆ నీళ్లే తాగుతుంది. గొయ్యి తీసి అందులో పోస్తే తొక్క తోటకే ఎరువవుతుంది.

పల్పర్ లేకపోతే పండును పండుగానే ఎండబెట్టాలి. దీన్ని చెర్రీ అంటారు. తియ్యదనం, పండు వాసన ఎక్కువ వస్తాయి, బూజు పట్టే ప్రమాదమూ ఎక్కువే. ఏ పద్ధతైనా ముందు పండ్లను నీళ్లలో పోయండి. తేలినవి తాలువో, పురుగు తిన్నవో అయి ఉంటాయి, వాటిని పక్కకు తీసేయండి.

నేలమీద పోయకుండా మంచె కట్టించండి. వెదురు కర్రలు, పైన నైలాన్ వల, నడుమెత్తు. కింద నుంచీ గాలి తగులుతుంది, కోళ్లు, మేకలు చేరవు. పండ్లయితే మొదటి మూడు రోజులు ఒక వరుస మందానికి మించి పోయకూడదు. గంటకోసారి చేత్తో తిప్పాలి. సాయంత్రం నాలుగింటికల్లా, ఇంకా గింజలో వెచ్చదనం ఉండగానే, బరకం కప్పేయాలి. పొద్దున మంచు పూర్తిగా విడిచాకే తీయాలి. ఆ మంచెకు, బరకానికి అయ్యే ఖర్చు మీరే పెట్టుకోండి. నా అనుభవంలో కాఫీ రుచికి ఇంతకన్నా బాగా పనిచేసిన ఖర్చు ఇంకొకటి లేదు.

పార్చ్‌మెంట్‌కు ఏడు నుంచి పది రోజులు, పండుకు రెండు వారాలు లేదా ఇంకాస్త ఎక్కువ పడుతుంది. గింజలో తేమ పది, పన్నెండు శాతం మధ్యకు రావాలి. తేమ కొలిచే మీటరు లేకపోతే ఒక చిన్న గుడ్డ మూటలో కొలిచిన గింజలు కట్టి, వాటినీ ఆ మంచె మీదే ఎండబెడుతూ రోజూ తూచండి. రెండు రోజులు వరసగా బరువు తగ్గకపోతే ఎండినట్టే. పంటికింద పెడితే మెత్తగా దిగకూడదు.

కొనేటప్పుడు చూడాల్సినవి

వంద గింజలు లెక్కపెట్టి తెల్లకాగితం మీద పోయండి. నల్లవి, బూజువి, విరిగినవి, సూది గుచ్చినట్టు బొక్క ఉన్నవి వేరు చేయండి. అవి ఐదుకు మించితే నేను కొనను. తర్వాత గుప్పెడు గింజలు దోసిట్లో మూసి వెచ్చగా ఊపిరి ఊది వాసన చూడండి. పచ్చి బఠాణీ వాసన, ఎండుగడ్డి వాసన మంచివి. పొగ, గోనె, మట్టి వాసనలు వస్తే మర్యాదగా చెప్పి వచ్చేయండి. అవి వేయించినా పోవు.

ఆ బొక్క విషయం తేలిగ్గా తీసుకోవద్దు. కాయతొలిచే పురుగు 2025లో పక్కనే అరకు ప్రాంతంలో కనబడింది. పచ్చి పండ్లను, వాడిన గోనె సంచులను ఒక తోట నుంచి ఇంకో తోటకు, ఘాట్ ఆ పక్క నుంచి ఈ పక్కకు తిప్పకండి. బాగా ఎండిన గింజలో ఈ పురుగు పెరగదు. కొత్త సంచి తీసుకెళ్లి, ఎండిన గింజనే తెచ్చుకోండి.

ఇంటికొచ్చాక

గింజను పైపొట్టు తీయకుండానే నిలవ చేయండి, అలా ఎక్కువ నెలలు ఉంటుంది. నెలకు కావలసినంత రోట్లో పోసి, రోకలికి గుడ్డ చుట్టి మెల్లగా దంచి చేటతో చెరిగితే పొట్టు పోతుంది. పార్చ్‌మెంట్ కిలోకు ఎనిమిది వందల గ్రాముల దాకా గింజ వస్తుంది. ఎండిన చెర్రీ అయితే సగమే.

తర్వాత జల్లెడ పట్టి పెద్దవి, చిన్నవి వేరు చేయండి. దీన్ని వదిలేయొద్దు. ఇక్కడి తోటల్లో రకరకాల మొక్కలు కలిసి ఉంటాయి, గింజ సైజు సమానంగా ఉండదు. కలిపి వేయిస్తే పెద్దది ఉడికేలోపు చిన్నది మాడుతుంది.

వేయించడం

మందపాటి ఇనప మూకుడు, కర్ర గరిటె, కాటా, గడియారం ఉంటే చాలు. ఒక్కో వాయికి 150 గ్రాములు. అంతకు మించితే కలపడానికి చెయ్యి ఆడదు. పొగ బాగా వస్తుంది, పొట్టు ఎగిరి అంటుకోవచ్చు, అందుకని కిటికీలు తీసి గానీ వసారాలో గానీ చేయండి.

మధ్యస్థం మంట మీద మూకుడు మూడు నిమిషాలు కాగనిచ్చి గింజలు పోయండి. ఆ క్షణం నుంచి దించేదాకా గరిటె ఆగకూడదు. మొదటి నాలుగు నిమిషాలు గింజ పాలిపోతూ తడిగడ్డి వాసన వేస్తుంది. ఐదో నిమిషం దాటేసరికి పసుపు రంగుకు తిరిగి, వేయించిన అటుకుల వాసన వస్తుంది. తర్వాత గోధుమ రంగు, పొట్టు రాలడం. తొమ్మిది నుంచి పదకొండు నిమిషాల మధ్య పేలాలు పేలినట్టు టప్ టప్‌మని చప్పుడు మొదలవుతుంది. ఇదే మొదటి పేలుడు, గింజ వేడి దాదాపు 196 డిగ్రీలకు వచ్చిందని గుర్తు. మంట కొంచెం తగ్గించండి, ఆర్పొద్దు.

చప్పుడు మొదలయ్యాక నిమిషంన్నర, రెండు నిమిషాలకు దించితే మధ్యస్థంగా వేగుతుంది. పాలు లేకుండా తాగేవాళ్లకు అది బాగుంటుంది, ఈ నేల పులుపు, తియ్యదనం తెలుస్తాయి. పాలు పోసుకునే మన ఫిల్టర్ కాఫీకి ఇంకాస్త వేగాలి. మొదటి చప్పుడు ఆగి, ఎండుటాకు నలిగినట్టు సన్నగా చిటపట వినబడబోయే ముందు దించండి. ఆ చిటపట ముదిరితే అన్ని ఊళ్ల గింజా ఒకే రుచికి వస్తుంది, ఇంత దూరం వెళ్లి తెచ్చిన ఫలితం పోతుంది. పండుగా ఎండిన చెర్రీ గింజ తొందరగా రంగు తిరుగుతుంది, దానికి మొదటి నుంచీ మంట ఒక మెట్టు తగ్గించండి.

రంగును చూసి మోసపోతుంటే తూచండి. 150 గ్రాములు 128 దగ్గరకొస్తే మధ్యస్థం, 123 దగ్గరకొస్తే ఫిల్టర్‌కు సరిపోయింది. ఆరు నిమిషాల్లోపే పేలితే మంట ఎక్కువైనట్టు, పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. పదిహేను నిమిషాలైనా పేలకపోతే రుచి చప్పబడిపోతుంది. ప్రతి వాయికీ నిమిషాలు, బరువు ఒక పుస్తకంలో రాసుకుంటే నాలుగో వాయికల్లా మీ పొయ్యి మీకు అర్థమవుతుంది.

దించగానే జల్లెడలో పోసి ఫ్యాన్ కింద గలగలలాడించండి. నాలుగు నిమిషాల్లో చేతికి చల్లగా తగలాలి, లేకపోతే లోపలి వేడికి ఇంకా వేగిపోతూనే ఉంటుంది. డబ్బాలో పోసి మొదటి రోజు మూత వదులుగా పెట్టండి, లోపలి గ్యాస్ పోవాలి. మూడో రోజు నుంచి రుచి కుదురుతుంది. ఏ రోజుకారోజు పొడి చేసుకోగలిగితే మంచిది. మన ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకని మరిగిన వెంటనే ఫిల్టర్‌లో పోయొచ్చు, చల్లారనివ్వక్కర్లేదు. చికోరీ లేకుండా ఒక వారం తాగి, ఆ తర్వాత కావాలంటే కలుపుకోండి.

ఇంకో పని మిగిలింది. వేయించిన పొడి వంద గ్రాములు, ఫిల్టర్, పాలు పట్టుకుని గింజ ఇచ్చినవాళ్ల ఇంటికి వెళ్లండి. రెండో ఏడాది నేను పెద్దావిడ ఇంటికి అలాగే వెళ్లాను. అటక మీద ఆరిన పాత గింజతో ఒకటి, మంచె మీద ఆరిన కొత్త గింజతో ఒకటి, రెండు గ్లాసులు కలిపి పెట్టాను. తను పండించిన కాఫీ ఆమె తాగడం అదే మొదటిసారి. మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది మా పొయ్యి వాసనే బాబూ" అంది. రెండోది చివరిదాకా తాగి, ఇంకో మంచెకు వల ఎన్ని మూరలు పడుతుందని అడిగింది.