కార్డుల్లో అన్నీ వస్తున్నాయి, మాక్ టెస్టులో మాత్రం పోతున్నాయి: పీటీసీఈకి అంకీ వాడేవాళ్లకు సమస్యలు - పరిష్కారాలు

అమెరికాలో ఫార్మసీ టెక్నీషియన్ సర్టిఫికేషన్ కోసం పీటీసీఈ రాసేవాళ్లకు ఇది. 90 ప్రశ్నలకు గంటా యాభై నిమిషాలు ఇస్తారు. మార్కులకు లెక్కలోకొచ్చేవి 80. స్కోరు 1000 నుంచి 1600 మధ్య ఉంటుంది, పాసవ్వాలంటే 1400 రావాలి. అంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో డెక్ (కార్డుల కట్ట) పెట్టుకోవడం, కార్డు చేయడం తెలుసనే అనుకుని రాస్తున్నాను.

ముందు ఇది చూడండి

ఏ సమస్య వచ్చినా మొదట చూడాల్సింది మీరు ఏ బటన్ నొక్కుతున్నారన్నది. జవాబు గుర్తురాలేదు, కార్డు తిప్పాక "ఆఁ, ఇదేగా" అనిపించింది, 'హార్డ్' నొక్కారు. అది తప్పు. గుర్తురావడానికి కష్టపడ్డా చివరికి వచ్చినప్పుడే 'హార్డ్'. గుర్తురాకపోతే 'అగైన్' ఒక్కటే. అంకీ 'హార్డ్'ను పాస్ కిందే లెక్కేస్తుంది, అందుకే మీకు రాని కార్డును కూడా రోజుల తరబడి ముందుకు తోసేస్తుంది. ఎఫ్ఎస్ఆర్ఎస్ (కార్డు మళ్లీ ఎప్పుడు చూపించాలో లెక్కేసే అంకీ పద్ధతి) ఆన్ చేసుకుంటే నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే మీరు ఎంత త్వరగా మర్చిపోతారో అది ఈ బటన్ల నుంచే నేర్చుకుంటుంది. అనుమానముంటే కొన్నాళ్లు 'అగైన్', 'గుడ్' రెండే వాడండి. జవాబు పైకి అన్న తర్వాతే కార్డు తిప్పండి. ఈ రెండూ చూసుకోకుండా యాప్ మార్చేసేవాళ్లే ఎక్కువ.

యాప్ 90 శాతం పైన చూపిస్తోంది, మాక్ టెస్టులో సగం పోతున్నాయి

బటన్లు సరిగ్గానే నొక్కుతున్నా ఇలా ఉందంటే చాలాసార్లు కారణం కార్డుల్లో ఉండదు, డెక్ అమరికలో ఉంటుంది. మందుల క్లాసును బట్టి సబ్‌డెక్‌లు చేసి, ఒక్కోటీ విడిగా తెరిచి చదవడం చూడటానికి పద్ధతిగానే ఉంటుంది. అందుకే దీన్ని ఎవరూ అనుమానించరు.

'ప్రోటాన్ పంప్ ఇన్హిబిటర్లు' అన్న సబ్‌డెక్ తెరిచారనుకోండి. ఒమెప్రజోల్ ఏ క్లాసు అని కార్డు అడుగుతుంది. కార్డు చదవకముందే జవాబు మీకు తెలుసు, డెక్ పేరే చెప్పేసింది. రెండోది పాంటోప్రజోల్, మూడోది లాన్సోప్రజోల్, అన్నిటికీ అదే జవాబు. 'గుడ్' నొక్కిన ప్రతిసారీ కార్డు మళ్లీ వచ్చే గడువు పెరుగుతుంది, శాతం పెరుగుతుంది. పరీక్షలో ఆ డెక్ పేరు ఉండదు. నాలుగు ఆప్షన్లలో అరిపిప్రజోల్ కూడా కనిపిస్తుంది. చివర 'ప్రజోల్' అనే ఉంది కాబట్టి అదీ యాసిడ్ తగ్గించే మందే అనిపిస్తుంది. కానీ అది యాంటీసైకోటిక్. ఫ్లుకోనజోల్ ఫంగస్‌కి, మెట్రోనిడజోల్ బ్యాక్టీరియా, ప్రోటోజోవా ఇన్ఫెక్షన్లకి. ఇవి వేర్వేరు సబ్‌డెక్‌లలో ఉన్నాయి కాబట్టి వీటిని పక్కపక్కన పెట్టి తేడా పట్టే పని మీకు ఒక్కసారీ పడలేదు. పరీక్ష అడిగేదేమో ఆ తేడానే.

మీ సమస్య ఇదేనా అని తేల్చుకోవడానికి మందుల డెక్ మొత్తం మీద ఒక ఫిల్టర్డ్ డెక్ (కొన్ని కార్డులను ఏరి పెట్టే తాత్కాలిక డెక్) చేయండి. లిమిట్ 20, ఎంపిక రాండమ్. జవాబులను బట్టి రీషెడ్యూల్ చేసే ఆప్షన్ దగ్గర టిక్ తీసేయండి, అప్పుడు అసలు షెడ్యూల్ చెదరదు. 20లో అయిదారు పోయాయంటే డెక్ పేరు నుంచి జవాబు లీక్ అవుతున్నట్టే.

సరిచేయడం ఇలా. బ్రౌజర్‌లో ఒక్కో సబ్‌డెక్‌లోని కార్డులన్నీ సెలెక్ట్ చేసి క్లాసు పేరును ట్యాగ్‌గా పెట్టండి. తర్వాత 'చేంజ్ డెక్'తో అన్నిటినీ ఒకే డెక్‌లోకి మార్చి, ఖాళీ అయిన సబ్‌డెక్‌లు తీసేయండి. డెక్ మార్చినంత మాత్రాన రివ్యూ హిస్టరీ పోదు, భయపడకండి. డెక్ ఆప్షన్లలో డిస్‌ప్లే ఆర్డర్ కింద కొత్త కార్డుల గ్యాదర్ ఆర్డర్‌ను రాండమ్‌కి మార్చండి. డిఫాల్ట్‌గా అది డెక్ వరసలోనే తీస్తుంది. సబ్‌డెక్‌లు వదల్లేమంటే కనీసం ఎప్పుడూ పై డెక్ మీదే నొక్కి చదవండి. గ్యాదర్ ఆర్డర్ కూడా పై డెక్‌కే మార్చాలి, డిస్‌ప్లే ఆర్డర్ మీరు నొక్కిన డెక్ నుంచే తీసుకుంటుంది కాబట్టి. కింది వాటిలో మార్చి "పని చేయట్లేదు" అనేవాళ్లు చాలామంది.

ఇదే లీక్ ఇంకో రెండు చోట్ల కూడా ఉంటుంది. బ్రాండ్ నుంచి జెనెరిక్, జెనెరిక్ నుంచి బ్రాండ్ రెండు కార్డులూ ఒకే రోజు వస్తే రెండోది ఊరికే వచ్చేస్తుంది. 'బరీ సిబ్లింగ్స్' (ఇలాంటి జంట కార్డులు ఒకే రోజు రాకుండా దాచే ఆప్షన్) కింద ఉన్నవన్నీ ఆన్ చేయండి. కార్డు ముందువైపు ట్యాగ్ కనిపించేలా టెంప్లేట్ పెట్టుకున్నవాళ్లు దాన్ని వెనక్కి మార్చాలి.

మార్చిన మొదటి పది రోజులు శాతం దబ్బున పడుతుంది. అది నిజమైన అంకె, ఇన్నాళ్లూ చూసింది కాదు. కంగారుపడి కార్డులన్నీ రీసెట్ చేయొద్దు. రానివాటికి 'అగైన్' కొడుతూ పోతే ఉబ్బిన గడువులు వాటంతటవే దిగుతాయి. పనిలో పనిగా కొన్ని కార్డులను తిరగేసి రాయండి: "పొడి దగ్గు తెప్పించే బీపీ మందుల క్లాసు ఏది?" అన్నది "లిసినోప్రిల్ ఏ క్లాసు?" కంటే పరీక్షకు దగ్గరగా ఉంటుంది.

కొన్ని కార్డులు ఎన్నిసార్లు చూసినా నిలవడం లేదు, కొన్ని మాయమయ్యాయి

రెండూ ఒకటే సమస్య. ఒక కార్డు 8 సార్లు తప్పితే అంకీ దానికి 'లీచ్' అని ట్యాగ్ వేస్తుంది, సెట్టింగ్‌ను బట్టి సస్పెండ్ కూడా చేస్తుంది, అంటే చూపించడం ఆపేస్తుంది. అన్‌సస్పెండ్ చేసి మళ్లీ అదే కార్డుతో కుస్తీ పట్టడం దండగ, దానితో కలగలిసిపోయే జంట పేరు ఏదో చూడండి. హైడ్రాలజీన్ బీపీకి, హైడ్రాక్సిజీన్ దురదకీ ఆందోళనకీ. బ్యుప్రోపియాన్ డిప్రెషన్‌కి, బస్పిరోన్ ఆందోళనకి. రెండు పేర్లూ ఒకే కార్డులో పెట్టి తేడా అడగండి. మందు పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి, తేడా వచ్చే అక్షరాలు పెద్దవిగా రాయాలి. కన్ను మోసపోయేది ఆ స్పెల్లింగ్ దగ్గరే.

కార్డు ప్రకారం కరెక్టే, మాక్ టెస్ట్ తప్పంటోంది

ఎక్కడో దొరికిన పాత డెక్ దించుకున్నారు. హైడ్రోకోడోన్ కాంబినేషన్లు షెడ్యూల్ 3 (దుర్వినియోగం ప్రమాదాన్ని బట్టి అమెరికా చట్టం మందులకిచ్చే వర్గం) అని ఉందా? 2014 అక్టోబరు నుంచి అవి షెడ్యూల్ 2, అంటే రీఫిల్ లేదు. ట్రమడాల్ మామూలు మందు అని ఉందా? అదే ఏడాది ఆగస్టులో షెడ్యూల్ 4లోకి వెళ్లింది. రానిటిడిన్‌ను మార్కెట్ నుంచి తీసేయమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 ఏప్రిల్‌లోనే అడిగింది. డెక్ 9 విభాగాలుగా ఉంటే అది 2020కి ముందు సిలబస్‌ది. ఇలాంటివి రెండు కనిపించాయంటే చట్టం కార్డులన్నీ తీసేసి కొత్తగా రాసుకోండి. ఒక కార్డుకు ఒక్క విషయమే: షెడ్యూల్ 3, 4 మందులకు ఆరు నెలల్లో 5 రీఫిల్స్ అన్నది ఒక కార్డు, షెడ్యూల్ 2 మందులు ఆర్డర్ చేయడానికి డీఈఏ (అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ) ఫారం 222 అన్నది ఇంకో కార్డు.

లెక్కల కార్డులు వస్తున్నాయి, లెక్కలు రావడం లేదు

మీరు జవాబు బట్టీ పట్టారు. 110 పౌండ్ల మనిషి కార్డు మూడోసారి వచ్చేసరికి 50 కిలోలు అని చెయ్యి దానంతటదే రాస్తుంది. కార్డుల్లో 1 కిలో అంటే 2.2 పౌండ్లు, టీస్పూన్ 5 మి.లీ., టేబుల్‌స్పూన్ 15 మి.లీ. లాంటివే ఉంచండి. లెక్క మాత్రం రోజూ కొత్త అంకెలతో కాగితం మీదే చేయాలి.

రివ్యూలు కొండలా పేరుకున్నాయి

కొత్త కార్డులు సున్నాకి దించి, పేరుకున్నది తగ్గాకే మళ్లీ తెరవండి. రోజుకు 20 కొత్తవి పెడితే రివ్యూలు 200 దాకా వస్తాయి. అంత కూర్చోలేనివాళ్లు 10తోనే నడపాలి. పరీక్షకు రెండు వారాల ముందు కొత్తవి పూర్తిగా ఆపేయండి.

మిగతావి అరుదు. ఫోన్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి చూపిస్తుంటే రెండోది తెరిచే ముందు మొదటిదాన్ని సింక్ చేయలేదని. 'అప్‌లోడా, డౌన్‌లోడా' అని అడిగితే ఆఖరున ఎందులో చదివారో దాన్నే ఉంచుకోండి. ఎంపిక చేసే ముందు ఒక బ్యాకప్ ఎక్స్‌పోర్ట్ చేయండి.