పాత చెట్టు మొదలు కొలిచే పద్ధతి

భీమిలి, పద్మనాభం, ఆనందపురం వైపు ఏ ఊరికెళ్లినా గుడి ముందో చర్చి కాంపౌండులోనో ఒక పెద్ద మాను కనిపిస్తుంది. ఎన్నాళ్లదని అడిగితే "ఐదొందల ఏళ్లు బాబూ" అంటారు. వయసు తర్వాత చూద్దాం, ముందు చుట్టుకొలత. సర్వే శాఖలో గొలుసు లాగి రిటైరైనవాణ్ణి. కొలత ఎక్కడ మొదలెట్టారో రాయకపోతే ఎన్ని తగాదాలొస్తాయో నాకు తెలుసు.

స్కాట్లాండులో ఫోర్టింగల్ అనే ఊరి చర్చి ఆవరణలో యూ అనే, చాలా ఏళ్లు బతికే జాతి చెట్టొకటుంది. 1769లో బారింగ్టన్ అనే ఆయన దాని చుట్టుకొలత 52 అడుగులని రాశాడు. ఆ రోజుల్లోనే పెన్నంట్ అనే ఇంకో ఆయన 56న్నర అన్నాడు. ఇప్పుడా మాను విడిపోయి ముక్కలుగా నిలబడి ఉంది, మళ్లీ కొలిచి ఎవరిది రైటో తేల్చే దారి లేదు.

టైలరు టేపు ఐదడుగులే, చాలదు. పురికొస సాగుతుంది. 30 మీటర్ల ఫైబర్ టేపు, సుద్దముక్క, తోడు ఒక మనిషి ఉండాలి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, మాను చుట్టూ నాలుగైదు చోట్ల సుద్దతో గీతలు పెట్టండి. వాలు నేలైతే ఎగువ వైపు నుంచి ఎత్తు చూడాలి. ఆ గీతల మీదుగా టేపు చుట్టండి. అది వెనక వైపే జారుతుంది, తోడొచ్చిన మనిషిని అక్కడ నిలబెట్టండి. వేలాడే ఊడల్ని తప్పించండి, నరకొద్దు. మానుకు అతుక్కుపోయినవుంటే కలిపే కొలిచి ఆ మాట రాయండి. బుడిపె అడ్డొస్తే కాస్త కిందికి దిగి, ఆ ఎత్తు రాసుకోండి.

అసలు చిక్కు సిమెంటు చప్టాతో. మొదలు రెండడుగులు అందులో పూడిపోయి ఉంటుంది. చాలామంది చప్టా పైనుంచి కొలుస్తారు, నాకది నచ్చదు. ఈ ఏడు కట్టిన చప్టా వచ్చే జాతరకి ఇంకో అడుగు లేస్తుంది. పక్కన ఊరి నేల మట్టం నుంచే ఎత్తు తీయండి. నా పుస్తకంలో ఇలా ఉంటుంది: "చింత. 5.62 మీ. నేల నుంచి 1.37. చప్టా 60 సెం.మీ. పడమర తొర్ర." కింద తేదీ.

ఇక వయసు. తొర్ర పడితే వయసు లెక్కపెట్టే లోపలి వలయాలు పోయినట్టే, ముసలి యూ చెట్లకూ ఇదే బాధ. పైగా మర్రిలాంటి వాటికి ఏడాదికొకటని లెక్కపెట్టే వలయాలు పడవు. లావు చూసి మోసపోకండి. నిద్రగన్నేరు అమెరికా ఖండం నుంచి 19వ శతాబ్దంలో మన దేశానికొచ్చింది, దానికి ఐదొందల ఏళ్లెక్కడివి? పక్క పొలాల పాత దస్తావేజులు అడగండి. హద్దుల్లో "తూర్పు: చింతచెట్టు" అని ఉంటే, అది ఈ చెట్టేనని సర్వే నంబరుతో సరిచూసుకుని, ఆ తేదీకే అది హద్దుగా చెప్పుకునేంత పెద్దదని రాసుకోవచ్చు. అంతకు మించి ఒక్క ఏడాది కూడా కలపొద్దు.