ఆటలతో పియానో థియరీ – 5వ పాఠం: నిలబడ్డ గడి కూడా లెక్కలోకే వస్తుంది

పోయిన పాఠంలో ఇచ్చిన మెట్ల ఆటని (చీటీ తీసి, అందులో ఉన్నంత దూరం స్వరాల బోర్డు మీద కాయని నడిపే ఆట) పిల్లలు బాగానే ఆడారట. మర్నాడు పియానో ముందు కూర్చోబెట్టి "సి నుంచి థర్డ్ ఏది?" అనగానే ఎఫ్ నొక్కారని చాలామంది రాశారు. అందుకని ఈసారి అనుకున్న కీ సిగ్నేచర్ల (పాట మొదట్లో వేసే గుర్తుల) బింగో పక్కన పెట్టి ముందు దీని సంగతి చూద్దాం.

ఒక మాట అడుగుతాను. చీటీల బదులు ఇంట్లో ఉన్న పాచిక వేశారు కదూ? నేను చెప్పింది చీటీలు!

వైకుంఠపాళిలో మూడు పడితే కాయ ఉన్న గడిని వదిలేసి, తర్వాతి గడి నుంచి ఒకటి, రెండు, మూడు అంటాం. సి మీదున్న కాయ అలా ఎఫ్ మీదికి పోతుంది. ఇంటర్వెల్ (రెండు స్వరాల మధ్య దూరం) లెక్కలో మాత్రం నిలబడ్డ గడే ఒకటి. సి ఒకటి, డి రెండు, ఇ మూడు. అంటే సి నుంచి థర్డ్ ఇ. పిల్లలు లెక్క తప్పలేదు, వాళ్ళకి అలవాటైన ఆట లెక్కనే ఇక్కడా వేశారు. అందుకే మన బోర్డు దగ్గరికి పాచిక రాకూడదు. చీటీల మీద కూడా ఉత్త 3 అని కాకుండా 'థర్డ్ పైకి', 'ఫిఫ్త్ కిందికి' అని రాయండి.

కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకైతే ఇది తేలిక. స రి గ మ ప అంటూ వేళ్ళు మడవమనండి. స తో కలిపి ఐదు వేళ్ళు, ఫిఫ్త్ వచ్చేసింది. అలాగని సి కార్డు మీద 'స' అని రాయకండి. శ్రుతి మారితే స మారుతుంది, సి మాత్రం ఎక్కడికీ కదలదు.

ఈ లెక్క వల్ల ఇంకో తిరకాసు ఉంది. థర్డ్ మీద ఇంకో థర్డ్ ఎక్కితే సిక్స్త్ రాదు, ఫిఫ్త్ వస్తుంది. సి నుంచి ఇ, ఇ నుంచి జి. మధ్యలో ఉన్న ఇ ని రెండుసార్లు లెక్కపెట్టాం కాబట్టి ఒకటి తగ్గుతుంది. పిల్లలు నమ్మకపోతే వాదించకండి, కాయ వాళ్ళ చేతికే ఇచ్చి నడిపించమనండి.

బోర్డు అదే: బాస్ స్టాఫ్ (కింది స్వరాలు రాసే ఐదు గీతలు) కింది గీత జి నుంచి ట్రెబుల్ స్టాఫ్ (పై స్వరాలు రాసే ఐదు గీతలు) పై గీత ఎఫ్ దాకా, స్వరానికొకటి చొప్పున 21 గళ్ళు. మిడిల్ సి (రెండు స్టాఫ్‌ల మధ్య ఉండే సి) సరిగ్గా 11వది.

ఇక కొత్త ఆట. ఒక్కో కార్డు మీద ఒకే స్టాఫ్, రెండు నోట్లు (స్వరాల గుర్తులు). రెండు గిన్నెలు పెట్టండి. రెండు నోట్లూ గీతల మీదే ఉన్నా, రెండూ ఖాళీల్లోనే ఉన్నా బేసి గిన్నె: థర్డ్, ఫిఫ్త్, సెవెంత్. ఒకటి గీత మీద, ఇంకొకటి ఖాళీలో ఉంటే సరి గిన్నె: సెకండ్, ఫోర్త్, సిక్స్త్, ఆక్టేవ్ (ఎనిమిదోది). నేనైతే పెద్ద పిల్లలతో కూడా వేళ్ళ లెక్క త్వరగా మాన్పించి ఈ కంటి లెక్కకి తెస్తాను. వాయించేటప్పుడు వేళ్ళు మడుస్తూ కూర్చోలేం కదా. మామూలు 70 జీఎస్ఎం కాగితం మీద ప్రింట్ తీస్తే వెనక రాసిన జవాబు వెలుతురులో కనిపించిపోతుంది, మందపాటి కార్డు వాడండి.

షార్ప్ (స్వరాన్ని అరమెట్టు పెంచే గుర్తు), ఫ్లాట్ (అరమెట్టు తగ్గించే గుర్తు) ఉన్న కార్డులు ఇప్పుడే కలపకండి. సి నుంచి ఇ ఫ్లాట్ థర్డ్, సి నుంచి డి షార్ప్ సెకండ్, నొక్కేది మాత్రం ఒకే నల్ల కీ. ఇప్పుడే ఇది చెబితే గిన్నెలు రెండూ ఎగిరిపోతాయి.

అభ్యాసం: పియానో మూత వేసి ఉంచండి. సి నుంచి ఫిఫ్త్ పైకి, థర్డ్ కిందికి, ఫోర్త్ పైకి, సెకండ్ కిందికి. ఎక్కడ ఆగాం? జి రావాలి. ఇలాంటివి పిల్లలే పది తయారుచేసి మిమ్మల్ని అడగాలి, మీరు బోర్డు చూడకుండా చెప్పాలి. ఆ తర్వాత ఫిఫ్త్ మీద ఫోర్త్ ఎక్కితే ఆక్టేవ్ ఎందుకు వస్తుందో వాళ్ళ చేతే చెప్పించండి. బింగో షీట్లు ఇప్పటికే ప్రింట్ తీసినవాళ్ళు పారేయకండి, వచ్చే పాఠానికి అవే కావాలి.