కోవిడ్ బూస్టర్ మళ్లీ వేయించుకోవాలా? ఇంట్లో ఇలా తేల్చుకోండి

డల్లాస్‌లో ఉన్న అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా, "అమ్మకి ఈ ఏడాది కోవిడ్ టీకా వేయించావా?" అని అడుగుతాడు. విజయవాడ సత్యనారాయణపురంలో మా పక్కింటి బాబాయిగారేమో, "ఎన్నిసార్లు పొడిపించుకుంటామమ్మా? రెండు డోసులు వేశారుగా, చాలు" అంటారు. ఇద్దరూ మా మంచి కోరేవాళ్లే. అయితే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే జవాబు ఉండదు. ఒక్కొక్కరి గురించి విడిగా తేల్చుకోవాలి.

ముందుగా ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో ఒక్కొక్కరి పేరు, వయసు, ఉన్న జబ్బులు, వేసుకున్న టీకా, చివరి డోసు తేదీ రాయండి. తేదీలు కోవిన్ (ప్రభుత్వ టీకా వెబ్‌సైట్) సర్టిఫికెట్‌లో ఉంటాయి. మనలో చాలామంది 2021లో కోవిషీల్డో కోవాక్సినో రెండు డోసులు వేయించుకున్నాం. మూడోది బూస్టర్, మన దగ్గర దాన్నే ప్రికాషన్ డోసు అన్నారు. దాన్ని 2022 జులై 15 నుంచి 75 రోజులు పెద్దవాళ్లందరికీ (18 ఏళ్లు దాటినవాళ్లకు) ఉచితంగా వేశారు. అది వేయించుకున్నారో లేదో చాలామందికి గుర్తే ఉండదు, తప్పకుండా చూసుకోండి. కోవిడ్ వచ్చి తగ్గి ఉంటే ఆ నెల కూడా రాయండి. దానివల్లా కొంత రక్షణ వస్తుంది.

ఇప్పుడు ఎవరికి ప్రమాదం ఎక్కువో చూడాలి. అసలు నిర్ణయమంతా ఇక్కడే ఉంది. ఇన్‌ఫెక్షన్ రాకుండా టీకా ఆపే శక్తి కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. జబ్బు ముదిరి ఆసుపత్రి పాలు కాకుండా కాపాడే శక్తి అంతకన్నా ఎక్కువకాలం నిలుస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికి నాలుగో డోసుతో ఒరిగేది తక్కువ. షుగర్, గుండెజబ్బు ఉన్న డెబ్బై రెండేళ్ల పెద్దావిడకు మామూలు ఇన్‌ఫెక్షన్ కూడా ఊపిరితిత్తుల మీదకు రావచ్చు, ఆమె విషయంలో ఆలోచించాల్సిందే. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ ఇదే: పెద్ద వయసువాళ్లు, పెద్ద జబ్బులున్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, గర్భిణులు, ఆసుపత్రి సిబ్బందికి ముందు ప్రాధాన్యం. ఆరోగ్యవంతులకు ఒక బూస్టర్ తర్వాత మళ్లీ మళ్లీ వేయమని అది సిఫారసు చేయలేదు. అమెరికాలో కూడా 2025 ఆగస్టులో కొత్త టీకాల అనుమతిని 65 ఏళ్లు దాటినవాళ్లకు, ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు పరిమితం చేశారు. అమ్మ వయసుకి అన్నయ్య మాట సరే, నా కొడుకు విషయంలో బాబాయిగారి మాటే సరి.

భయాలుంటే దాచుకోకండి. కుర్రవాళ్లు హఠాత్తుగా చనిపోవడానికి టీకాయే కారణమన్న మాట మన దగ్గరా బాగా తిరిగింది. 18 నుంచి 45 ఏళ్లవాళ్ల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేసిన అధ్యయనం 2023లో వచ్చింది, టీకా వల్ల ఆ ముప్పు పెరిగినట్టు అందులో తేలలేదు. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండడం, కుటుంబంలో అలాంటి మరణాలు, మితిమీరిన తాగుడు లాంటివి ముప్పును పెంచాయి. కోవిషీల్డ్ తరహా టీకాతో రక్తం గడ్డకట్టే సమస్య నిజమే, కానీ చాలా అరుదు. అది కూడా వేసుకున్న కొద్ది వారాల్లోనే బయటపడుతుంది. ఏళ్ల కిందట వేసుకున్నవాళ్లు ఇప్పుడు టెన్షన్ పడక్కర్లేదు.

ఆ కాగితాన్ని మీరెప్పుడూ చూపించుకునే డాక్టర్‌కే చూపించండి, సూర్యారావుపేటలోనైనా గుంటూరు కొత్తపేటలోనైనా. "మా అమ్మకి ఈ డోసు వల్ల లాభం ఎంత? దొరికేది పాత వైరస్‌కు చేసిన టీకానా, జేఎన్.1 లాంటి కొత్త రకానికి మార్చినదా?" అని సూటిగా అడగండి. అలర్జీలు, రక్తం పల్చబడే మాత్రల సంగతి చెప్పండి. ఇంతకుముందు డోసుకు ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అది ముఖ్యంగా చెప్పాలి. పెద్దవాళ్లకు ఏటా వేసే ఫ్లూ టీకా గురించి కూడా అప్పుడే అడిగేయండి. దాన్ని మనవాళ్లు ఎందుకో అస్సలు పట్టించుకోరు, నాకు బాధగా ఉంటుంది.

వేయించాలని తేలితే ముందు ఫోన్ చేసి టీకా ఉందో లేదో కనుక్కోండి. 2021లోలా ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ వేయరు. జ్వరం ఉన్న రోజు వద్దు. వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి. చెయ్యి నొప్పి, ఒళ్లు వెచ్చబడడం ఒకట్రెండు రోజులు ఉండొచ్చు. ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.