ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో రోజును వరుసలో పెట్టుకోవడం ఎలా?

నాలుగేళ్ల బాబు, ఏడాదిన్నర పాప ఉన్న ఇంట్లో గడియారాన్ని పట్టుకుని రోజును నడపాలని చూస్తే ఉదయం తొమ్మిదికే తల్లిదండ్రులు అలసిపోతారు. పాప ఒకరోజు ఐదింటికి లేస్తుంది, మరొకరోజు ఏడింటికి లేస్తుంది. బాబు ఒక పూట ఇడ్లీలు గబగబా తినేస్తాడు, మరొక పూట అవే ఇడ్లీల ముందు అరగంట కూర్చుంటాడు. వేళలు ఇలా అటూ ఇటూ అవుతూనే ఉంటాయి కాబట్టి, వేళ విషయంలో కొంత పట్టు సడలించి, పనుల వరుసను మాత్రం గట్టిగా పట్టుకోవాలి. ఎనిమిదిన్నర అంటే ఏమిటో ఈ వయసు పిల్లలకు తెలియదు. పళ్లు తోముకున్నాక పాలు, పాలు తాగాక స్నానం, స్నానమయ్యాక టిఫిను అన్న క్రమం మాత్రం ఏడాదిన్నర పాపకు కూడా కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన బిడ్డ తక్కువ మారాం చేస్తుంది. విశాఖపట్నంలో ఉండే కుటుంబం అటువంటి వరుసను ఎలా కట్టుకోవచ్చో, ఎక్కడ దానిని సడలించాలో ఇక్కడ వివరిస్తాను.

ముందురాత్రి, ఉదయం

ఉదయపు పనుల్లో సగం ముందురాత్రే పూర్తి కావాలి. బాబు యూనిఫాం, సాక్సులు, బూట్లు ఒకే చోట పెట్టడం, నీళ్ల సీసా కడిగి బోర్లించడం, మర్నాటి టిఫిను ఏమిటో తేల్చుకోవడం పిల్లలు పడుకున్న తర్వాత పావుగంటలో అయ్యే పనులు. అవే పనులు ఉదయం పూట పాపను చంకనేసుకుని చేయాలంటే గంట పడుతుంది. ఒక అట్ట మీద బ్రష్షు, పాల గ్లాసు, స్నానపు మగ్గు, పళ్లెం, బూట్లు వరుసగా బొమ్మలు గీసి, బాబు కళ్లకు ఆనేంత ఎత్తులో గోడకు అంటించండి. బొమ్మలకు రంగులు వాడి చేతనే వేయిస్తే ఇంకా మంచిది. "తొందరగా కానీయ్" అని పదిసార్లు అరిచే బదులు "ఇప్పుడు ఏ బొమ్మ దగ్గరున్నాం నాన్నా?" అని అడిగితే వాడే వెళ్లి చూసుకుంటాడు.

ఇద్దరిలో ముందు ఎవరిని లేపాలని అడిగితే నేను పెద్దవాడినే అంటాను. పాప లేచాక ఇంట్లో ఉన్న చేతులన్నీ ఆమె వైపే పోతాయి. అంతకు ముందు పావుగంట పాటు అమ్మో నాన్నో తనకు మాత్రమే దొరికితే, పాపకు పాలు పట్టే సమయంలో బాబు తన బూట్లు తానే తొడుక్కోవడానికి సంతోషంగా ఒప్పుకుంటాడు. పాపే ముందు లేచే ఇళ్లలో ఆ పావుగంటను బడి నుంచి వచ్చిన తర్వాతకు మార్చుకోవాలి తప్ప ఎత్తివేయకూడదు.

ఉక్కు కర్మాగారం, ఓడరేవు, షిప్‌యార్డు, ఆసుపత్రులు ఉన్న ఈ ఊళ్లో షిఫ్టు ఉద్యోగాల ఇళ్లు చాలా ఉన్నాయి. తండ్రి ఒక వారం ఉదయం ఇంట్లో ఉండి, తర్వాతి వారం తెల్లవారకముందే వెళ్లిపోయే ఇళ్లలో వరుస ప్రతివారం తలకిందులవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పనుల క్రమాన్ని అలాగే ఉంచి, చేసే మనిషిని మాత్రం మార్చుకుంటే సరిపోతుంది. "రేపు నీకు తాతయ్య స్నానం చేయిస్తారు" అని ముందురాత్రే చెప్పడం మరచిపోకండి. పొద్దున్నే నాన్న కనిపించక బాబు పెట్టే పేచీ చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

బడికి స్కూటరు మీద తీసుకువెళ్లేవారికి ఒక మాట. నాలుగేళ్లు నిండని పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్లేటప్పుడు వారిని నడిపేవారికి కట్టి ఉంచే రక్షణ పట్టీ, తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదనీ కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిబంధన తెచ్చింది. ఎత్తుపల్లాల రోడ్లు, మలుపులు ఎక్కువగా ఉన్న విశాఖలో బాబును ముందు నిలబెట్టి, పాపను వెనుక తల్లి ఒడిలో పెట్టుకుని పోవడం చాలా ప్రమాదకరం. ఇద్దరినీ తీసుకెళ్లవలసిన రోజు ఆటో మాట్లాడుకోండి.

ఒకే గిన్నెలో ఇద్దరి తిండి

పాపకు ఒకటి, బాబుకు ఒకటి, పెద్దలకు మరొకటి వండే ఇంట్లో తల్లికి పొయ్యి దగ్గర నుంచి కదలడానికి ఉండదు. ఏడాది దాటిన బిడ్డ ఇంటి తిండే తినగలదు కాబట్టి, అందరికీ ఒకటే వండి, కారం వేయకముందే పిల్లల భాగం పక్కకు తీసిపెట్టండి. పెసరపప్పు పులగం, ముద్దపప్పు, సొరకాయ పప్పు, ఇడ్లీ, మెత్తటి ఉప్మా అన్నీ ఇలా కుదురుతాయి. పాపకు వేళ్లతో మెదిపి నెయ్యి వేసి పెడితే, బాబుకు ముద్దలు చేసి ఇస్తే చాలు. ఉత్తరాంధ్ర ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న చోడి (రాగి) అంబలిని పిల్లల పళ్లేల్లోకి తిరిగి తీసుకురావాలని నా కోరిక. చోడిపిండిలో కాల్షియం పుష్కలంగా ఉంటుంది, వండడానికి పది నిమిషాలు చాలు, మజ్జిగతో పలుచగా చేస్తే ఉక్కపోత రోజుల్లో పిల్లలు ఇష్టంగా తాగుతారు.

చేపలు తినే ఇంట్లో పిల్లలకు వంజరం ముక్క మంచిది. దానిలో ముల్లు ఎక్కువగా మధ్యలో ఉంటుంది, తీయడం తేలిక. అయినా పాప పళ్లెంలో పెట్టే ముందు ప్రతి ముక్కనూ వేళ్లతో నలిపి చూడాలి. వేసవిలో తాటిముంజలను అలాగే చేతికివ్వకుండా చిన్న ముక్కలుగా కోసి ఇవ్వండి. అవి జారి గొంతుకు అడ్డం పడగలవు. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. వేరుశనగ గుళ్లు, వేయించిన శనగలు ఐదేళ్లలోపు పిల్లలకు గింజలుగా ఇవ్వకూడదు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పాపకు గింజలు పెద్దల చేతి నుంచి కన్నా అన్న చేతి నుంచే ఎక్కువగా అందుతాయి కాబట్టి, పాప నోట్లో తాను ఏమీ పెట్టకూడదని బాబుకు కూడా నేర్పాలి. ఇద్దరూ కూర్చునే తినాలి, పరిగెత్తుతూ తినే అలవాటు ఇద్దరికీ వద్దు. పాలు రోజుకు అర లీటరు దాటితే ఆకలి చచ్చి అన్నం తినరు. తిండి తినడం లేదని బెంగపడే తల్లిదండ్రులు ముందుగా పాల లెక్క చూసుకోవాలి.

మధ్యాహ్నం గురించి చెప్పవలసింది తక్కువ. బాబు బడి నుంచి ఆకలితోనే వస్తాడు గనుక, ఏమీ అడగకుండా ముందు తిండి పెట్టి, తర్వాత కబుర్లు అడగండి. పాప నిద్రపోయేటప్పుడు బాబు నిద్రపోకపోయినా పక్క గదిలో బొమ్మల పుస్తకంతోనో రంగులతోనో నిశ్శబ్దంగా ఉండే సమయంగా దానిని అలవాటు చేయాలి. ఆ సమయాన్ని ఫోనుతో నింపేయాలన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. ఏడాది వయసున్న పిల్లలకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. బాబు ఫోను చూస్తుంటే పాప పక్కనే కూర్చుంటుంది కాబట్టి, బాబుకు ఇచ్చే కొద్ది సమయాన్ని పాప నిద్రవేళలోనే ముగించాలి.

సాయంత్రం, సముద్రం

విశాఖ పిల్లలకు సముద్రం ఉండటం పెద్ద వరం, కానీ ఇద్దరు చిన్నపిల్లలతో దాని దగ్గరకు వెళ్లడానికి ఒక పద్ధతి కావాలి. తీరం తూర్పు వైపున ఉండటం వల్ల ఉదయపు ఎండ సూటిగా ముఖం మీద పడుతుంది. సాయంత్రం పొద్దు వాలేసరికి ఇసుక చల్లబడి, గాలి హాయిగా ఉంటుంది. కాబట్టి చిన్నపిల్లలతో వెళ్లేది సాయంత్రమే మేలు. ఆర్కే బీచ్ దగ్గర తీరం ఒక్కసారిగా లోతుకు దిగుతుంది, వెనక్కి లాగే అలల బలం ఎక్కువ. అక్కడ పిల్లలను మోకాలి లోతు నీటిలోకి కూడా దించకండి. తడి ఇసుక మొదలయ్యే చోటును గీతగా చూపించి, ఆ గీత దాటకూడదని ప్రతిసారీ ఇసుకలో అడుగు పెట్టకముందే చెప్పాలి.

ఇంతకన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. బీచ్‌కు ఒక్కో బిడ్డకు ఒక్కో పెద్దమనిషి ఉండాలి. ఇద్దరూ రెండు దిక్కులకు పరుగెత్తితే ఒంటరిగా వచ్చిన తల్లి ఎవరి వెంట పరుగెడుతుంది? ఒక్కరే ఉన్న రోజు చుట్టూ గోడ, ఒకటో రెండో గేట్లు ఉన్న పార్కుకు వెళ్లండి. శివాజీ పార్కు, బీచ్ రోడ్డులోని వీఎంఆర్‌డీఏ పార్కు ఇందుకు పనికొస్తాయి. ఇద్దరు పెద్దలు ఉన్న రోజు ఒకరు పాపతో ఇసుకలో కూర్చుంటే, మరొకరు బాబుతో ఓడరేవులోకి వెళ్లడానికి సముద్రంలో లంగరు వేసి నిలిచిన ఓడలను లెక్కపెట్టవచ్చు. అంకెలు నేర్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి పాఠం లేదు.

కురుసుర జలాంతర్గామిని చూడటానికి మాత్రం పాపను తీసుకెళ్లకండి. 1969లో నౌకాదళంలో చేరి, 2002లో మ్యూజియంగా మారిన ఆ జలాంతర్గామి లోపల దారి ఇరుకు, ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటాలి. బిడ్డను ఎత్తుకుని అలా నడవడం కష్టం. అది బాబు, నాన్న ఇద్దరే కలిసి వెళ్లదగిన చోటు. అలా ఇద్దరే గడిపే సాయంత్రం నెలకు ఒకటైనా పెద్దబిడ్డకు దక్కాలి. జంతు ప్రదర్శనశాలకైతే ఇద్దరినీ తీసుకెళ్లవచ్చు. నడక ఎక్కువ కాబట్టి పొద్దున్నే బయలుదేరాలి, సోమవారం సెలవు.

ఇద్దరి మధ్య తగవులు

పాప నడక నేర్చిన రోజు నుంచి బాబు బొమ్మలకు రక్షణ ఉండదు. కట్టిన ఇటుకల మేడను చెల్లెలు తోసేస్తే వాడు కొడతాడు, పాప ఏడుస్తుంది, పెద్దలు వచ్చి "నువ్వు పెద్దవాడివి కదా, సర్దుకోవాలి" అంటారు. నాలుగేళ్లవాడు కూడా చిన్నవాడేనన్న సంగతి ఈ మాట అనేటప్పుడు మనకు గుర్తుండదు. ఆ మాట పదేపదే విన్న బిడ్డకు చెల్లెలి మీద ప్రేమ పెరగదు, తన వస్తువులను దాచుకోవడం మాత్రం అలవాటవుతుంది. అందుకని పాప చేయి అందని ఎత్తులో ఒక అరను పూర్తిగా బాబుకే ఇవ్వండి. అందులోని వస్తువులను పంచుకోమని ఎవరూ అడగకూడదు, అమ్మమ్మ నానమ్మలు కూడా. కింద పరచిన బొమ్మలు ఇద్దరివీ. మేడ కట్టాలనుకుంటే బల్ల మీద కట్టుకోవాలని వాడికి చెబితే తగవుల్లో సగం తగ్గుతాయి.

కొట్టుకున్నప్పుడు ముందు ఎవరు మొదలుపెట్టారో విచారించవద్దు. పాప చెప్పలేదు, బాబు చెప్పేది ఎవరూ నమ్మరు. ఇద్దరినీ విడదీసి, దెబ్బ తగిలినవారిని ముందు ఎత్తుకుని, "కోపం వస్తే నన్ను పిలువు, కొట్టకు" అన్న ఒకే మాటను ప్రతిసారీ అదే తీరులో చెప్పండి. పాప కొరికినప్పుడు, జుట్టు లాగినప్పుడు కూడా ఇదే నియమం వర్తించాలి. చిన్నపిల్ల కదా అని నవ్వి వదిలేస్తే బాబుకు న్యాయం మీద నమ్మకం పోతుంది. ఇంటికి వచ్చిన చుట్టాలు "అన్న కంటే చెల్లెలే చురుకు" అన్నప్పుడు బాబు వింటున్నాడని గుర్తుంచుకుని మర్యాదగానే మాట మార్చండి.

రాత్రి వరుస అన్నింటికంటే చిన్నదిగా ఉండాలి. అన్నం, గోరువెచ్చని స్నానం, కథ, దీపం ఆర్పడం చాలు. ఏడాది నుంచి రెండేళ్ల బిడ్డకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల బిడ్డకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. ఇద్దరికీ ఒకే కథ కుదరకపోతే ముందు పాపకు బొమ్మలు చూపించి పడుకోబెట్టి, తర్వాత బాబుకు తాతయ్య చేత కథ చెప్పించండి. డెంగీ దోమ పగలే కుడుతుంది కనుక దోమతెర మధ్యాహ్నపు నిద్రకు కూడా వాడాలి. పూలకుండీల కింద, కూలరులో నిలిచిన నీటిని వారానికి ఒకసారైనా పారబోయాలి.

వరుస తప్పే రోజులు

ఒకరికి జ్వరం వస్తే వరుసను పక్కన పెట్టండి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో మందుల విషయంలో ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి. పారాసెటమాల్ చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్‌లలో ఐదు మిల్లీలీటర్లకు 120 ఉండేవీ 250 ఉండేవీ ఉన్నాయి. పాప చుక్కల మందును బాబు సిరప్ కొలతతో పోస్తే మోతాదు ఎన్నో రెట్లు పెరుగుతుంది. డాక్టరు ఇద్దరి బరువులను బట్టి చెప్పిన మోతాదును సీసా పేరుతో సహా కాగితం మీద రాసి అలమారా తలుపుకు అంటించండి. విరేచనాలైతే ఒక పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తం కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తూ, మిగిలినది 24 గంటల తర్వాత పారబోయాలి. డాక్టరు జింకు రాస్తే విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి. కళ్లు లోపలికి పోవడం, మత్తుగా పడి ఉండటం, మూత్రం రాకపోవడం, మలంలో రక్తం కనిపిస్తే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి లేదా 108కి ఫోను చేయండి. పాపకు 16 నుంచి 24 నెలల మధ్య, బాబుకు ఐదారేళ్లకు బూస్టరు టీకాలు ఉంటాయి. ఇద్దరి కార్డులూ ఒకే కవరులో పెట్టుకోవాలి.

అక్టోబరు, నవంబరు తుపాను రోజులకు కూడా ఒక సంచి సిద్ధంగా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు, నీళ్లు, పాలు లేక పసిపిల్లల తల్లులు పడిన ఇబ్బంది ఈ ఊరివారికి తెలుసు. పాలపొడి, అటుకులు, ఓఆర్‌ఎస్, ఇద్దరి మందులు, టార్చిలైటు, పొడి బట్టలు ఆ సంచిలో ఉంచండి. పిల్లలున్న చోట కొవ్వొత్తుల కంటే టార్చి సురక్షితం. హెచ్చరిక వచ్చిన వెంటనే తాగునీరు పట్టి ఉంచుకోవాలి.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా వరుసను ఏడాదికి ఒకసారైనా మార్చవలసి వస్తుంది. బాబు పై తరగతికి వెళ్తాడు, పాప మధ్యాహ్నపు నిద్ర మానేస్తుంది. ఒకేసారి అన్నీ మార్చకుండా ఒక్కొక్క పనినే మార్చండి. అది ఇద్దరికీ అలవాటయ్యాకే రెండోది ముట్టుకోండి. జూన్‌లో బడులు తెరిచే ముందు మే చివరి వారం నుంచే పడుకునే వేళను రోజుకు పది నిమిషాల చొప్పున ముందుకు జరపండి. వేసవిలో రాత్రి పది దాకా మేలుకోవడానికి అలవాటుపడిన పిల్లలు బడి మొదలయ్యే నాటికి ఎనిమిదిన్నరకల్లా పడుకోగలుగుతారు.